నా పేరులో మొదటి సగం

ఒక చిన్న పరీక్ష. ఫోన్ పక్కన పెట్టక్కర్లేదు, చదువుతూనే చేయొచ్చు. ఇప్పటిదాకా మీరు చూసిన తెలుగు సినిమాల్లోంచి ఓ అయిదుగురు ముస్లిం పాత్రల్ని గుర్తుచేసుకోండి. పేర్లు వద్దు. సినిమాలో వాళ్లు ఏం చేస్తారో చెప్తే చాలు.

నాకు తట్టిన లిస్టు ఇది. కళ్లకు సుర్మా పెట్టుకుని పాతబస్తీలో సెటిల్‌మెంట్లు చేసే భాయ్. బాంబు పెట్టడానికి వచ్చినవాడు. హీరో కోసం ప్రాణమిచ్చే దోస్తు (సెకండాఫ్ మొదట్లోనే పోతాడని మనకు ముందే తెలుసు). 'నంకీ, నిమ్కీ' అంటూ తెలుగును ఖూనీ చేసి నవ్వించే కమెడియన్. తెల్లటి పొడుగు అంగీ, నల్ల కళ్లద్దాలు, చుట్టూ నలుగురు బేగమ్‌లతో దిగే అరబ్ షేక్. చాలాసార్లు ఆ షేక్ కూడా మారువేషంలో ఉన్న మన హీరోనో, అతని ఫ్రెండో అయి ఉంటాడు.

ఇప్పుడు రెండో ప్రశ్న. వీళ్లలో ఒక్కడైనా కరెంటాఫీసులో పనిచేస్తాడా? ఎంసెట్ కోచింగ్‌లో ఫిజిక్స్ చెప్తాడా? ఈఎంఐ కట్టలేక తల పట్టుకుంటాడా? మా వరంగల్‌లో ఈ మూడు రకాల ముస్లింలూ నాకు తెలుసు. తెర మీద మాత్రం కనపడరు.

ఈ లిస్టు నాకు టైంపాస్ కాదు. ఎందుకంటే నా పేరు యాకూబ్ రెడ్డి.

అవును, ఆ రెండు మాటలూ పక్కపక్కనే. వరంగల్, మహబూబాబాద్, జనగామ వైపు వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. పర్వతగిరి మండలం అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలి దర్గా ఉంది. పిల్లలు కానివాళ్లు, పుట్టిన పిల్లలు నిలవనివాళ్లు, జబ్బు తగ్గనివాళ్లు అక్కడికి పోయి మొక్కుకుంటారు. మొక్కు తీరితే కందూరు చేస్తారు. యాటను కోసి, ఫాతెహా ఇప్పించి, చుట్టాలందరికీ అక్కడే వండి పెట్టడమన్నమాట. వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువగా కనిపిస్తారు. అట్లా మొక్కితే పుట్టినవాళ్లకు యాకయ్య, యాకమ్మ, యాకలక్ష్మి, యాకూబ్ రెడ్డి అని పేర్లు పెడతారు. మా ఊరి బడిలో మా క్లాసులోనే ముగ్గురు 'యాక'లం ఉండేవాళ్లం. సార్ 'యాకా' అని పిలిస్తే ముగ్గురం లేచేది.

మా అమ్మకు నాకంటే ముందు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. నాయనమ్మ అన్నారం పోయి మొక్కింది. నేను బతికిన. నా పేరు వెనక కథ ఇంతే. మా పూజగదిలో వేంకటేశ్వరస్వామి ఫొటో పక్కనే దర్గా ఫొటో ఉంటుంది. దాన్ని చూసి 'మతసామరస్యం' అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ మాట పేపర్లలో చదివిందే తప్ప ఇంట్లో విన్నది కాదు.

ఆ పేరు బరువు నాకు తెలిసింది హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాకే.

క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్‌కి కనపడేది మొదటి పేరే. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర యాప్‌లో పడేదీ మొదటి పేరే. ఆఫీసులో చేరిన కొత్తలో ఒకాయన మెచ్చుకోలుగా, "యాకూబ్, మీ తెలుగు చాలా బాగుందే!" అన్నారు. "మాది వరంగల్ అండీ, తెలుగే మాట్లాడతాం" అన్నాను. "అయినా సరే, బాగుంది" అన్నారు. రంజాన్ నెలలో టీంలో వాళ్లు నన్ను లంచ్‌కి పిలవడం మానేశారు, పాపం ఉపవాసం అనుకుని. అది మర్యాదే, కాదనను. కానీ న్యూస్‌లో ఎక్కడో పేలుడు అని వచ్చిన రోజు నా డెస్క్ దగ్గర మాటలు ఆగిపోయేవి. అదీ మర్యాదేనా?

తర్వాత ఎప్పుడో ఆధార్ కాపీలోనో, శాలరీ మెయిల్‌లోనో రెండో సగం బయటపడుతుంది. "అదేంటి, మీరు రెడ్డా!" ఆ ముఖంలో వచ్చే మార్పు నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. బిగుసుకున్న భుజాలు కిందికి దిగుతాయి. గొంతు మారుతుంది. "ముందే చెప్పొచ్చుగా!" అంటారు.

ముందే ఏం చెప్పాలి? నేను భయపడాల్సిన మనిషిని కాదనా?

నాకు రెండో సగం ఉంది. నా బీటెక్ రూమ్మేట్‌కి లేదు. వాడు ముస్లిం. వరంగల్ కోట దగ్గర పుట్టి పెరిగినవాడు, నాకంటే మంచి తెలుగు రాస్తాడు. ఇద్దరం కలిసి గచ్చిబౌలి వైపు డబుల్ బెడ్‌రూమ్ వెతుకుతున్నాం. ఒక ఇల్లు నచ్చింది. ఓనర్ రిటైరైన పెద్దమనిషి. ఆంటీ టీ ఇచ్చారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఇద్దరిదీ వరంగలే అంకుల్."

"నాన్‌వెజ్ వండుతారా?"

"వండుతాం అంకుల్."

"పర్లేదులే, మేమూ తింటాం. ఆధార్‌లు ఇవ్వండి."

నాది తీసుకుని 'యాకూబ్' దగ్గర ఒక్క క్షణం ఆగారు. పక్క మాట చదివి నవ్వారు. వాడిది తీసుకుని చదివారు. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకి తిప్పారు. "ఇంట్లో ఒకసారి అడిగి చెప్తాను" అన్నారు. ఇంట్లోవాళ్లు అక్కడే ఉన్నారు, ఖాళీ కప్పులు తీస్తూ.

మర్నాడు బ్రోకర్ ఫోన్ చేశాడు. "అన్నా, మీకైతే ఓకే అంటున్నరు. మీ ఫ్రెండుతోనే కష్టమట. ఓనర్ మంచోడే అన్నా, జర భయం, అంతే."

భయం! మా రూమ్మేట్ గ్యాస్ సిలిండర్ మార్చేటప్పుడు పక్క గదిలోకి పోయే మనిషి. సంగతి చెప్తే వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "నీ రెండో సగం నాకు కొన్నాళ్లు అప్పుగా ఇయ్యిరా" అన్నాడు. మేం వేరే ఇల్లు తీసుకున్నాం. అద్దె రెండు వేలు ఎక్కువ, ఆఫీసుకి మరో గంట దూరం.

ఆ అంకుల్‌కి ఎప్పుడూ ముస్లిం పొరుగువాళ్లు లేరట, బ్రోకరే చెప్పాడు. మరి ఆ భయాన్ని ఎక్కడ నేర్చుకున్నారు? నిజంగా జరిగిన ఘోరాలు ఉన్నాయి. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్క్. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఎవరూ మర్చిపోలేరు, మర్చిపోకూడదు కూడా. కానీ అదే 2007లో మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది శుక్రవారం నమాజుకి వచ్చినవాళ్లు. ఆ తర్వాత పోలీసులు ఎంతోమంది పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను పట్టుకెళ్లారు. కేసులు పెట్టినవాళ్లు తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. అరెస్టయిన రోజు ఫొటోలు చాలామందికి గుర్తుంటాయి. విడుదలైన రోజు ఎంతమందికి గుర్తుంది? ఖాళీగా మిగిలిన ఆ జాగాను నింపేది సినిమానే.

'ఖడ్గం' (2002) తీసుకోండి. కృష్ణవంశీ తీసిన ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తే మా ఇంట్లో కదలకుండా చూస్తారు. పాతబస్తీ ఆటోడ్రైవర్ అమ్జద్‌గా ప్రకాశ్‌రాజ్ నటన చూసి మా బాపు ఏడ్చాడు కూడా. అమ్జద్ మంచివాడు. అతని తమ్ముడు అజహర్ టెర్రరిస్టు. ఒక ఇంట్లో ఇద్దరు ముస్లింలు: ఒకడు దేశం కోసం, ఒకడు దేశం మీదికి. మూడో రకం లేడు. అదే సినిమాలో రవితేజ చేసిన కోటి సినిమా ఛాన్సుల కోసం తిరుగుతుంటాడు. 'నీకు దేశమంటే ఇష్టమేనా' అని కోటిని ఎవరూ అడగరు. అతనికి కృష్ణానగర్ కష్టాలు సరిపోతాయి. అమ్జద్‌కు మాత్రం అవి సరిపోవు, పరీక్ష రాయాలి, ఫస్ట్ క్లాసులో పాసవ్వాలి.

'వేదం' (2010) ఇంకా మంచి సినిమా. క్రిష్ అందులో పోలీసుల అనుమానాన్నే కథగా చేశాడు. మనోజ్ బాజ్‌పాయ్ చేసిన రహీముద్దీన్ ఏ తప్పూ చేయకుండానే దెబ్బలు తింటాడు. మనకు కోపం వస్తుంది, రావాలి. కానీ అతని మంచితనం మనకు పూర్తిగా రుజువయ్యేది ఆఖర్లో, తనను హింసించిన పోలీసునే కాపాడినప్పుడు. కాపాడకుండా భయపడి మంచం కింద దాక్కుని ఉంటే? నేనైతే దాక్కునేవాణ్ని. అప్పుడు కూడా అతను నిర్దోషే కదా!

చెడ్డ ముస్లింను చూపిస్తున్నారన్నది సగం ఫిర్యాదే. మామూలు ముస్లిం లేకపోవడం నాకు అంతకంటే పెద్ద లోటు. సినిమాలో ముస్లిం ఊరికే ఉండడు, ఏదో ఒకటి నిరూపించడానికి వస్తాడు. విచిత్రం చూడండి, మన అలీ ఎన్ని వందల సినిమాల్లో ఎన్ని మామూలు మనుషుల్ని వేశాడో! గుమస్తాలు, పక్కింటివాళ్లు, హీరో ఫ్రెండ్స్. 'యమలీల' (1994) లో ఏకంగా హీరో. అలీ మామూలు మనిషి కావచ్చు. అలీ అనే పేరున్న పాత్రకు మాత్రం ఆ అదృష్టం తక్కువ.

'ఆర్ఆర్ఆర్' (2022) లో అఖ్తర్ నాకు భలే నచ్చాడు. ఢిల్లీలో మెకానిక్ పని చేస్తాడు, బండి తోలతాడు, సిగ్గుపడతాడు, స్నేహం చేస్తాడు. ఎంత మామూలు మనిషి! కానీ అఖ్తర్ నిజానికి మారువేషంలో ఉన్న భీమ్. సినిమా రాకముందే, 2020 అక్టోబర్‌లో టీజర్ వచ్చినప్పుడు, భీమ్ తల మీద టోపీ చూసి ఎంత గొడవ జరిగిందో గుర్తుందిగా? మన అతి పెద్ద సినిమాల్లో ఒకదాంట్లో మనసుకు నచ్చిన మామూలు ముస్లిం ఒక వేషం. ఆ వేషం వేసినందుకే గొడవ.

మా జిల్లాకు దగ్గరి విషయం ఇంకోటి ఉంది. 2024 మార్చిలో 'రజాకార్' సినిమా వచ్చింది. రజాకార్ల దుర్మార్గాలు కట్టుకథలు కావు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత నిజం. పరకాలలో 1947లో పేల్చిన తుపాకులు నిజం. మా నాయనమ్మ ఇప్పటికీ ఆ రోజులు చెప్తుంటే గొంతు తగ్గించుకుంటుంది. దాని మీద సినిమా రావడంలో తప్పేముంది? కానీ ఆ తర్వాత మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగిన క్లిప్పుల కింద 'రజాకార్' అనే మాట అర్థం మారిపోయింది. ఖాసిం రజ్వీ మనుషులు పోయి, మా వీధి చివర పంక్చర్ షాపాయన వచ్చి చేరాడు.

అదే గ్రూపులో నేను రెండు పేర్లు పెట్టాను. ఒకటి షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక ఎడిటర్. హైదరాబాద్ భారత్‌లో కలవాలని, రజాకార్లది తప్పని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లే ఆయన్ను చంపారు. రెండోది షేక్ బందగీ. మా జనగామ వైపు కామారెడ్డిగూడెం రైతు. విసునూరు దేశ్‌ముఖ్ అండతో తన భూమిని లాక్కోబోతే కోర్టుకెక్కి గెలిచాడు. 1940లో చంపేశారు. 'మా భూమి' నాటకం పుట్టింది ఆయన కథలోంచే. ఆయన సమాధి ఊళ్లో ఇప్పటికీ ఉంది. పెత్తనం చేసినవాడు హిందువు, ఎదురు తిరిగినవాడు ముస్లిం, సాయుధ పోరాటానికి ముందే దారి చూపినవాడు. చరిత్ర అంటే ఇట్లాగే ఉంటుంది, వాట్సాప్ క్లిప్పులో పట్టదు.

నేను పెట్టిన మెసేజ్‌కి ఒక్క బొటనవేలు వచ్చింది. మా అత్తమ్మది. అదీ పొరపాటున నొక్కిందట.

ఇక లిస్టులో చివరివాడు, షేక్. ఆయన గాల్లోంచి ఊడిపడలేదు. 1991లో అమీనా అనే హైదరాబాద్ బాలికను అరవయ్యేళ్ల సౌదీ మనిషికి పెళ్లి చేసి పంపుతుంటే విమానంలో ఎయిర్‌హోస్టెస్ గుర్తుపట్టి ఆపించింది. దేశమంతా ఉలిక్కిపడింది. అట్లాంటి పెళ్లిళ్లు నేరాలే. గల్ఫ్‌కి పోయి పాస్‌పోర్టు లాగేసుకున్న యజమాని చేతిలో నలిగిన కరీంనగర్, నిజామాబాద్ కూలీల కష్టాలూ నిజమే. కానీ సినిమా షేక్‌లో ఆ కూలీ కష్టం ఏది? డబ్బు, ఆడపిచ్చి, అర్థంకాని భాష, నవ్వు, అంతే. దుబాయ్ ఎండలో పదేళ్లు పనిచేసొచ్చిన మా పక్కింటి మామ చెప్పే అరబ్బుల్లో అన్ని రకాలవాళ్లూ ఉంటారు. జీతం ఎగ్గొట్టినవాడూ, ఆపరేషన్‌కి డబ్బులిచ్చినవాడూ, పొద్దస్తమానం ఫుట్‌బాల్ చూస్తూ పని మర్చిపోయేవాడూ.

నిజానికి అరబ్బులు మనకు కొత్తవాళ్లు కూడా కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల వారసులు హైదరాబాద్ బార్కస్‌లో తరాలుగా ఉంటున్నారు. 'బ్యారక్స్' అన్న మాటే బార్కస్ అయింది. వాళ్లతో వచ్చిన మర్ఫా వాయిద్యం ఇప్పుడు మన పెళ్లి బరాత్‌లో, గణేశ్ ఊరేగింపులో మోగుతుంది. అరబ్బుల హరీస్ మన దగ్గరికొచ్చి హలీం అయింది, 2010లో జీఐ గుర్తింపు తెచ్చుకుంది. హన్మకొండలో శనివారం రాత్రి మండీ తినడానికి ఒకే పళ్లెం చుట్టూ కూర్చునే మనం ఆ పళ్లెం ఎక్కడి నుంచి వచ్చిందో అడగం. జిల్లా, వకీలు, వసూలు, హాజరు, ఖరీఫ్, రబీ... అరబ్బీ లేకుండా మా బాపు వ్యవసాయమూ సాగదు, భూమి కేసూ సాగదు. నా ఉద్యోగంలో రోజూ వాడే అల్గారిథమ్ అన్న మాట కూడా బాగ్దాద్‌లో పనిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టిందే.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. జాక్ షాహీన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 900కు పైగా హాలీవుడ్ సినిమాలు చూసి, అందులో అరబ్బులను ఎట్లా చూపించారో 2001లో పుస్తకం రాశాడు. మామూలు మనుషులుగా చూపించినవి చాలా తక్కువ. మనం చిన్నప్పుడు ఇష్టంగా చూసిన 'అలాద్దీన్' (1992) మొదటి పాటలో అరబ్బులను కించపరిచే మాటలున్నాయని గొడవైతే, తర్వాత వీడియో కోసం ఆ లైన్ మార్చారు.

సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి నా పనిలోంచి ఒక సంగతి చెప్తాను. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జీపీటీ-3 అనే ఏఐ మోడల్‌కి ఒక సగం వాక్యం ఇచ్చారు. ఇద్దరు ముస్లింలు ఒకచోట లోపలికి నడిచొచ్చారు, తర్వాత ఏమైందో నువ్వు పూర్తి చెయ్ అని. 100 సార్లు అడిగితే 66 సార్లు తుపాకులు, బాంబులు, హత్యలు రాసింది. ముస్లింల బదులు క్రైస్తవులని మారిస్తే ఆ లెక్క బాగా తగ్గిపోయింది. ఆ మెషీన్‌కి పగ లేదు, మతం లేదు. మనుషులు రాసిందాన్నే చదివి నేర్చుకుంది. గచ్చిబౌలి అంకుల్ నేర్చుకున్నదీ అట్లాగే. మోడల్‌కి డేటా మార్చి మళ్లీ నేర్పించొచ్చు. అంకుల్‌కి కొత్త డేటా ఎవరు ఇవ్వాలి?

కథలు లేక కాదు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదవండి. నెల్లూరు ముస్లిం ఇంట్లో అమ్మలు, నాన్నలు, అల్లరి పిల్లలు, అప్పులు, పండగలు. స్కైబాబ తెచ్చిన 'వతన్' సంకలనంలో ముస్లిం కథలు బోలెడున్నాయి. వాటిలో బాంబుల కోసం వెతికితే నిరాశపడతారు. తెర మీద నాకు కావాల్సింది కూడా అంతే. హీరో పక్క ఫ్లాట్‌లో ఒక ముస్లిం కుటుంబం ఉండాలి. వాళ్లకు నీళ్ల ట్యాంకర్ గొడవ తప్ప ఇంకే సమస్యా ఉండకూడదు. ఆఖర్లో వాళ్లు ఎవరినీ కాపాడకూడదు, ఎవరినీ చంపకూడదు, చచ్చిపోకూడదు. అసోసియేషన్ మీటింగ్‌లో గట్టిగా అరిచి ఇంటికి పోవాలి.

ఇంత చెప్పడానికి అసలు కారణం మా అక్క.

అక్కకు పెళ్లైన ఆరేళ్లకు బాబు పుట్టాడు. మళ్లీ నాయనమ్మే అన్నారం పోయి మొక్కింది. పోయిన ఎండాకాలం కందూరు కూడా చేశాం, మూడు వందల మందికి. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసే ముందు పేరు మాట వచ్చింది. నాయనమ్మకు అందులో అడగాల్సిందేమీ లేదు. "యాకూబ్ రెడ్డే గదా" అంది.

బావ నా వైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. కాజీపేట దర్గా ఉర్సుకు ఏటా పోతాడు, పీర్ల పండక్కి ఊరొచ్చి అలావ చుట్టూ ఆడతాడు. "నీకు తెల్వనిదేముంది బామ్మర్దీ," అన్నాడు మెల్లగా. "రేపు వీడు అమెరికా పోతే ప్రతి ఎయిర్‌పోర్టులో పక్కకు నిలబెడతరు. అమెరికా దాకా ఎందుకు, హైదరాబాద్‌ల కిరాయికి ఇల్లు దొరకాలె గదా."

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. రెండు వేలు ఎక్కువ పెట్టి తీసుకున్న ఇల్లు గుర్తొచ్చింది. బావ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

బాబుకు యశ్విన్ రెడ్డి అని పెట్టారు. మొక్కు పోకుండా 'య' అక్షరం ఉంచారు. మా ఊరి బడిలో ఇప్పుడు ఒకటో తరగతిలో యాకయ్యలు ఎంతమందో మొన్న అడిగాను. ఒక్కడు కూడా లేడట.

దర్గాకు పోవడం ఎవరూ మానలేదు. ఆదివారం వస్తే అన్నారంలో బండి పెట్టడానికి చోటుండదు. పేరు ఒక్కటే తగ్గిపోతోంది. మా అమ్మానాన్నలు ఏ భయమూ లేకుండా పెట్టుకున్న పేరును, దాని అర్థం తెలియనివాళ్లు చూసి భయపడతారేమోనని మేం దాచేసుకుంటున్నాం. సినిమాలో టోపీ పెట్టిన విలన్ వల్ల నష్టపోయింది మా రూమ్మేట్ ఒక్కడే అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలి: మా ఇంట్లోంచి కూడా ఒక పేరు పోయింది.

నాయనమ్మ ఎవరితోనూ గొడవ పడలేదు. తొట్టెల ఊపుతూ వాణ్ని "యాకయ్యా" అనే పిలుస్తోంది. వాడు ఆ పిలుపుకే తల తిప్పుతున్నాడు. ఆమెకు తొంభై దాటాయి. ఆమె తర్వాత వాణ్ని ఆ పేరుతో పిలవడానికి ఇంట్లో ఇంకొకరు ఉండాలి. నేను పిలుస్తాను.